ఒకరు ఆరు లక్షలంటారు, ఇంకొకరు పన్నెండంటారు: పాత ఇల్లు బాగు చేయడానికి ఎంత పెట్టుకోవాలి?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా మామగారు 1988లో కట్టించిన ఇల్లు, 30 అంకణాలు, ఒకే అంతస్తు, సిమెంటు స్లాబు. హాల్లో సీలింగు పెచ్చులూడి పడుతోంది. బాత్రూం పక్క గోడకు ఎప్పుడూ చెమ్మే, ఎన్నిసార్లు పెయింటేయించినా ఉబ్బిపోతుంది. ఎర్ర గచ్చు పగిలింది. స్విచ్‌బోర్డు ముట్టుకుంటే ఒక్కోసారి జివ్వుమంటుంది. వచ్చే మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. ఆలోపు ఇవన్నీ బాగు చేయించి, చుట్టాల కోసం ఇంకో బాత్రూం కట్టించి, వంటగది మాడ్యులర్ చేయించాలని నా కోరిక. తెలిసిన మేస్త్రి ‘మెటీరియల్‌తో సహా ఆరు లక్షలు’ అన్నాడు. ఒక కాంట్రాక్టరు అడుగుకు 1,100 చొప్పున 11,88,000 అని రాసిచ్చాడు. మా దగ్గర ఎనిమిది లక్షలున్నాయి. నగలు బ్యాంకులో పెట్టి ఇంకో మూడు తెద్దామంటారు మా ఆయన. పని ఎవరికివ్వాలి, ఎంత పెట్టుకోవాలి?
- ఒక టీచరు, తిరుపతి

అమ్మా, ఇప్పుడే ఇద్దరిలో ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే చెప్పండి, అది వేరే సంగతి.

ఆరు లక్షలన్న మేస్త్రి మిమ్మల్ని మోసం చేస్తున్నాడని నేను అనుకోను. పన్నెండు లక్షలాయన దోచుకుంటున్నాడనీ అనను. ఇద్దరూ వచ్చి, మీ హాల్లో నిలబడి కాఫీ తాగి, కంటికి కనిపించింది చూసి ఒక అంకె చెప్పి వెళ్లారు. పాత ఇంటి ఖర్చు కంటికి కనిపించే చోట ఉండదు. గచ్చు కింద, గోడ లోపల, స్లాబు పైన ఉంటుంది. ముప్పై ఏళ్లు సైట్ల మీద తిరిగిన నేనే చిత్తూరు కొంగారెడ్డిపల్లెలో సొంతింటి బాత్రూం దగ్గర బోల్తా పడ్డాను, ఇంక మీరెంత. ఆ కథ కింద చెప్తా.

ముందు ఆ అడుగు రేటు సంగతి చూద్దాం. 30 అంకణాలంటే మన తిరుపతి లెక్కలో అంకణానికి 36 చదరపు అడుగుల చొప్పున 1,080 అడుగులు, దాన్ని 1,100తో గుణించాడు, 11,88,000 వచ్చింది, లెక్క తప్పేం లేదు. (నెల్లూరు వైపు అంకణమంటే 72 అడుగులు, అందుకే ఎవరితో మాట్లాడినా అంకణాల్లో కాకుండా అడుగుల్లోనే మాట్లాడండి.) కానీ అడుగు రేటు కొత్త ఇంటికి పనికొచ్చే కొలత. కొత్త ఇంట్లో ప్రతి అడుగుకూ పునాది, గోడ, స్లాబు, పూత అన్నీ పడతాయి కాబట్టి సరాసరి తీసినా పెద్ద తేడా రాదు. మీ ఇంట్లో అట్లా కాదు. పడకగదిలో ఒక అడుగుకు టైలు, కాస్త పెయింటు తప్ప ఖర్చు లేదు. అదే బాత్రూంలో ఒక అడుగంటే పగలగొట్టడం, చెత్త ఎత్తడం, పైపులు, వాటర్‌ప్రూఫింగ్, నేల టైలు, గోడ టైలు, కుళాయిలు. ఈ రెంటికీ ఒకటే రేటు కట్టాడంటే ఒకచోట మీరు ఎక్కువ ఇస్తున్నట్టు, ఇంకోచోట ఆయన పని తగ్గించి సరిపెట్టుకుంటాడన్నట్టు. పైగా ఆ 1,080లో గోడల మందం, వసారా, మెట్ల కింద చోటు కూడా కలిసే ఉంటాయి.

మేస్త్రి చెప్పిన ‘మొత్తం ఆరు లక్షలు’ దీనికంటే ప్రమాదం. మొత్తం అంటే ఏమిటో కాగితం మీద లేదు కదా. మీ దృష్టిలో మొత్తంలో కొత్త వైరింగు ఉంది, ఆయన దృష్టిలో స్విచ్‌బోర్డులు మార్చడం ఉంది. మీరనుకునే టైలు వేరు, ఆయన మనసులో ఉన్న టైలు వేరు. గొడవంతా ఎక్కడ మొదలవుతుందంటే పని సగంలో ఉన్నప్పుడు, ఇల్లంతా పగలగొట్టి ఉన్నప్పుడు, అప్పుడు మీరు ఇంకొకరిని పిలవనూ లేరు, ఈయన్ని పొమ్మననూ లేరు.

కాబట్టి పద్ధతి తిప్పండి. పనుల పట్టిక మీరు రాయండి, రేట్లు వాళ్లు రాయాలి. ఒకటే పట్టిక ముగ్గురికి ఇవ్వండి. అప్పుడే ముగ్గురి అంకెలు పక్కపక్కన పెట్టి చూడటానికి వీలవుతుంది. ‘నాకేం తెలుసు రాయడానికి’ అంటారేమో, మీరు టీచరు, టేపు పట్టుకుని గది కొలవడం మీకు పెద్ద పనేం కాదు. ఒక ఆదివారం చాలు. ఒక నోటుబుక్కు, 5 మీటర్ల టేపు, సుద్దముక్క, చిన్న సుత్తి.

సుత్తి ఎందుకంటే హాలు సీలింగు కోసం. ఈ పని మాత్రం మీరు చేయకండి, మేస్త్రి చేత నిచ్చెనేసి చేయించండి, కింద పిల్లల్ని నిలబడనీయకండి. సుత్తితో మెల్లగా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోవాలి. బాగున్న చోట టంగుమని గట్టిగా పలుకుతుంది. పాడైన చోట డబ్‌మని డొల్లగా పలుకుతుంది, పండిన పనసకాయ మీద తట్టినట్టు. డొల్లగా పలికిన చోటంతా సుద్దతో గీత గీయమనండి. పెచ్చు ఊడింది మీకు పళ్లెమంతే కనిపిస్తుంటే, సుద్ద గీత చాపంత ఉండొచ్చు. ఆ చాపంతే మీ అసలు కొలత. ఎందుకు ఊడుతోందంటే, పైనుంచో గాలిలోనుంచో తేమ లోపలికి దిగి స్లాబులోని ఇనుప కమ్మీ తుప్పు పడుతుంది, తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, దాంతో కింద ఉన్న కాంక్రీటును తోసేస్తుంది. అందుకని ఊడినచోట సిమెంటు పూసేస్తే ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ ఊడుతుంది. వదులుగా ఉన్నదంతా చెక్కేసి, కమ్మీ తుప్పు బ్రష్షుతో శుభ్రంగా గీకి, తుప్పు పట్టకుండా పూత వేసి, పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో మళ్లీ కప్పాలి. కమ్మీ సగానికి సగం తినేసి ఉంటే మాత్రం మేస్త్రి మాట మీద పోకండి, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి ఫీజిచ్చి చూపించుకోండి. ఆ ఫీజు దండగ అనిపిస్తుంది, నాకు తెలిసి ఈ మొత్తం ఖర్చులో అంత కలిసొచ్చే డబ్బు ఇంకోటి లేదు.

ఇప్పుడు నా బాత్రూం కథ. మీ గోడ చెమ్మ మాట చదవగానే అదే గుర్తొచ్చింది. మా ఇంట్లోనూ బాత్రూం అవతలి గోడ ఉబ్బేది, నేను పుట్టీ పెట్టించి పెయింటేయించేవాణ్ణి, మళ్లీ ఉబ్బేది. చివరికి బాత్రూం మార్చేద్దామని కూర్చుని లెక్క రాశా. టైల్స్, కమోడు, కుళాయిలు, కూలి, మొత్తం 90,000. చాలా శుభ్రంగా వచ్చిందనుకున్నా. నేల పగలగొట్టాం. నీళ్లు పోయే ట్రాపు దగ్గర జాయింటు ఎన్నేళ్ల నుంచి కారుతోందో, కింద నింపిన ఇసుకంతా పాయసంలా ఉంది. గోడ అడుగున రెండు వరసల ఇటుకలు చేత్తో పట్టుకుంటే పాలలో నానిన రస్కులా రాలాయి. గోడలోపలి జీఐ పైపు (జింకు పూతున్న ఇనుప పైపు), బయటికి బాగానే కనిపించింది, కోసి చూస్తే తుప్పుతో పూడిపోయి మధ్యలో పెన్సిలు దూరేంత కంత మిగిలింది. పది ఇళ్లకు ఇదే చెప్పిన మనిషిని, నా ఇంటికి మాత్రం ఆ మూడూ పట్టికలో రాయలేదు. ఇటుకల వరసలు మార్చడం, పైపులన్నీ సీపీవీసీ ప్లాస్టిక్‌వి వేయడం, తడి ఇసుక తీసి కొత్తది నింపడం, బయట డ్రైనేజీ చాంబరు దాకా లైను, పనితోపాటు పెరిగిన కూలి రోజులు, మొత్తం 1,46,000 అయింది. టైల్స్ రేటు ఒక్క రూపాయి మారలేదు సుమా.

అందుకని చెప్తున్నా, మీ పట్టిక రాసే ముందే మీ బాత్రూంలో ఒక మూల రెండు టైల్స్ తీయించి చూడండి. ఒక పూట కూలి అవుతుంది. గోడ చెమ్మ ఎక్కడిదో కూడా తేల్చుకోండి: బాత్రూం రెండు రోజులు వాడకుండా ఆపి, నేల మీద నీళ్లు కట్టి ఉంచితే చెమ్మ పెరిగిందా లేదా తెలుస్తుంది, కుళాయి పైపుదైతే పైపుల్లోకి నీళ్లు రాకుండా ఆపేసిన రోజుల్లో తగ్గుతుంది, మిద్దె మీది నీళ్లదైతే వానాకాలంలోనే వస్తుంది, నేల లోంచి పైకి పాకేదైతే గోడ అడుగునుంచి రెండు మూడడుగుల ఎత్తు వరకు ఒకే గీతలా ఉంటుంది. నాలుగూ వేరే వేరే రోగాలు, వేరే వేరే ఖర్చులు. అన్నింటికీ మనవాళ్లు చేసే వైద్యం ఒకటే, పెయింటు.

ఇక టైల్స్. ఇది పూర్తిగా లెక్క, ఇక్కడ ఊహ అక్కర్లేదు. మీ పడకగది 12 అడుగులు, 14 అడుగులు అనుకుందాం. 168 చదరపు అడుగులు. మేస్త్రి 168ని టైలు రేటుతో గుణిస్తాడు, అక్కడితో ఆగుతాడు. షాపులో రెండడుగుల టైలు అని అమ్మేది నిజానికి 600 మిల్లీమీటర్లు, రెండడుగులకు ఓ పిసరు తక్కువ. నాలుగు టైల్స్ పెట్టెలో మీకు వచ్చేది 16 అడుగులు కాదు, 15.5 అడుగులే. కోతల్లో, విరుగుళ్లలో పోయేదానికి పదో వంతు కలిపితే 185 అడుగులు, అంటే 12 పెట్టెలు. గోడ వారన నాలుగంగుళాల స్కర్టింగు వేయాలి కదా, గది చుట్టుకొలత 52 అడుగులు, తలుపు తీసేస్తే 49 దాకా, దానికి ఇంకో ఐదు టైల్స్ కోయాలి, పెట్టె విప్పి అమ్మరు కాబట్టి రెండు పెట్టెలు. మొత్తం 14 పెట్టెలు, 217 అడుగులు. 168 అడుగుల గదికి మీరు డబ్బు కట్టేది 217 అడుగులకు. మిగిలిన మూడు టైల్స్ అటక మీద పెట్టండి, తర్వాత ఒకటి పగిలితే అదే రంగు షాపులో దొరకదు. అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబరు ఒకటే ఉందో లేదో దించుకునేటప్పుడే చూసుకోండి.

టైలు కింద మాలు ఉంటుంది, దాన్నీ ఎవరూ ముందు చెప్పరు. రెండంగుళాల మందం అనుకుంటే ఆ గదికి 28 ఘనపు అడుగుల మాలు, తడిపితే కుంగుతుంది కాబట్టి పొడిగా మూడో వంతు ఎక్కువ వేసుకోవాలి, ఒకటికి ఆరు పాళ్లలో కలిపితే నాలుగుంపావు బస్తాల సిమెంటు, 32 ఘనపు అడుగుల ఇసుక, అంటే యూనిట్‌లో (100 ఘనపు అడుగులు) మూడో వంతు. పైన పోసే సిమెంటు పాలకు ఇంకో బస్తా. మీ పాత నేల కుంగి ఉండి గదంతా మూడంగుళాలు పోయాల్సి వస్తే? ఆరు బస్తాలు దాటుతుంది. అందుకే గది నాలుగు మూలలా లెవెల్ గొట్టం పట్టించి చూసుకోండి, ముందే తెలిసిపోతుంది.

ఎర్ర గచ్చు పగలగొట్టాలా అని మీరు అడగలేదు గానీ, నాకైతే ఆ గచ్చు మీద చెయ్యి వేయబుద్ధి కాదు. నలభై ఏళ్లు అరిగి అద్దంలా తయారైన నేల ఈ రోజు డబ్బిచ్చినా రాదు. సుత్తితో తట్టి చూడండి. పగుళ్లు వెంట్రుకంత సన్నగా ఉండి, నేల గట్టిగా పలికిన గదుల్లో దాన్ని అలాగే ఉంచి పాలిషు పట్టించుకోవచ్చు, లేదా దాని మీదే గమ్ముతో టైల్స్ అంటించుకోవచ్చు. అప్పుడు పగలగొట్టే కూలీ, చెత్త ఎత్తే ఖర్చూ, మాలూ అన్నీ మిగులుతాయి. కానీ నేల అరంగుళం పైన లేస్తుంది, తలుపులన్నీ కింద కోయాలి, పసుపు రాసే గడప ఆ మేరకు నేలలోకి దిగిపోయినట్టుంటుంది, మీ అత్తగారు ఊరుకుంటారో లేదో కనుక్కోండి. కుంగి పగిలిన గదిని మాత్రం పగలగొట్టక తప్పదు.

ఇంటి నేలంతా పగలగొడితే చెత్త ఎంతవుతుందో తెలుసా? గోడలు పోను 900 అడుగుల నేల, మూడంగుళాల మందం, 225 ఘనపు అడుగులు. పగిలాక అది ఒకటిన్నర రెట్లు ఉబ్బుతుంది. ట్రాక్టరుకు ఒక యూనిట్, అంటే 100 ఘనపు అడుగులు అనుకుంటే నాలుగు ట్రిప్పులు. బైరాగిపట్టెడలో మీ సందులోకి ట్రాక్టరు వస్తుందా? రాకపోతే సందు మొదట్లో నిలబెట్టి గంపలతో మోయాలి, వెళ్లే చెత్తా మోతే, వచ్చే ఇసుకా మోతే, సిమెంటూ మోతే. ఈ మోత కూలి ఏ కొటేషన్‌లోనూ ఉండదు, చివరికి మీ జేబులోంచే పోతుంది. పట్టికలో ఒక వరస దీనికి ఉంచండి.

వైరింగు గురించి ఎక్కువ చెప్పను. జివ్వుమంటోందంటే ఎర్తింగు లేదనో, వైరు తోలు ఎండి చిట్లిందనో అర్థం. స్విచ్‌లు మారిస్తే పోదు. ఇది పెళ్లికి ముందా తర్వాతా అని ఆలోచించే పని కూడా కాదు, పని మొదలయ్యేదాకా కూడా ఆగకండి, ఈ వారమే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ బోర్డు కనెక్షన్ తీయించండి. తర్వాత గది గదికీ కూర్చుని పాయింట్లు లెక్క రాయండి, ఎలక్ట్రీషియన్లు పాయింటుకు ఇంత అని చెప్తారు కాబట్టి ఆ సంఖ్య మీ చేతిలో ఉంటే సగం బేరం అయినట్టే. ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, గీజరుకు తక్కువలో తక్కువ 2.5, వేరే వేరే లైన్లుగా. ఏసీలు పెరుగుతుంటే కరెంటు ఆఫీసులో లోడు పెంచమని దరఖాస్తు కూడా పెట్టుకోండి, ఆ రుసుం కూడా పట్టికలోకే. గోడలు కోసేదంతా పూతకు ముందు జరగాలి, పెయింటయ్యాక ‘ఇక్కడొక ప్లగ్గు ఉంటే బాగుండు’ అనిపిస్తే ఆ ప్లగ్గుకు మూడు రెట్లవుతుంది.

పని ఎవరికి, ఎట్లా ఇవ్వాలన్నదానికి నా పద్ధతి ఇది. పగలగొట్టే పని, లోపల ఏముందో తెలియని రిపేర్లు రోజు కూలి మీద చేయించండి, పక్కన మీవాళ్లు ఒకరుండాలి. టైల్స్, పూత, పెయింటు కొలత మీద ఇవ్వండి, అడుగుకు ఇంత అని. పెయింటు కొలతలో కిటికీలు, తలుపులు తీసేసి కొలుస్తారా, కలిపి కొలుస్తారా అన్నది ముందే రాసుకోండి, చివరి రోజున తగువు వచ్చేది అక్కడే. సామాన్లు మీరే కొనండి, టైల్స్ మీకు నచ్చినవి, వైరు మీరు చూసిన కంపెనీది. మీరిద్దరూ ఉద్యోగం, వ్యాపారం అని తిరిగేవాళ్లయితే ఇదంతా కష్టమే, అప్పుడు ఒక మేస్త్రికే ఇచ్చి, ప్రతి వరసకూ కంపెనీ పేరు, సైజు, రేటు రాయించుకోండి. ‘మంచి టైలు’ అని రాస్తే ఒప్పుకోకండి. అడ్వాన్సు పదిశాతం దాటొద్దు, తర్వాత శనివారం బట్వాడాకు ఆ వారం అయిన పనికి మాత్రమే, మిద్దె పని డబ్బులో కొంత మాత్రం వానలు వెళ్లేదాకా మీ దగ్గరే ఉంచుకోండి.

జీఎస్టీ కలిపి చెప్పారా, కలపకుండానా అన్నది కూడా అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద 28 శాతం పోయి 18 అయింది, టైల్స్‌కూ పెయింట్లకూ కూడా 18 శాతమే. పాత రేట్ల కాగితం చూసి లెక్క కట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం అంటారు, టైల్స్‌లో తేడా వస్తే తిరిగి ఇవ్వడానికి ఆ బిల్లే ఆధారం, చూసుకోండి మరి.

ఇప్పుడు మీ ఎనిమిది లక్షలు. ముందు అందులోంచి 1,60,000 తీసి వేరే ఖాతాలో వేయండి, అంటే ఇరవై శాతం. అది లేనట్టే లెక్క. కొత్త ఇంటికి పది చాలంటారు, పాత ఇంటికి ఇరవై కంటే తగ్గొద్దు, నా బాత్రూం చూశారుగా. ఇంకో 60,000 అద్దె ఇంటికి, సామాను మార్చడానికి, చెత్తకు, నీళ్ల ట్యాంకర్లకు. ఇంట్లో ఉంటూనే పని చేయించుకుందాం అనుకుంటున్నారేమో, ఉన్న ఒక్క బాత్రూం పగలగొట్టాక ఎక్కడికి వెళ్తారు? మిగిలింది 5,80,000. ఇది ఏ వరసలో ఖర్చు కావాలంటే, మొదట మిద్దె, సీలింగు. తర్వాత పైపులు, పాత బాత్రూం, కొత్త బాత్రూం. తర్వాత వైరింగు. ఆ తర్వాతే నేల, ఆఖరున పెయింటు. డబ్బు ఎక్కడ అయిపోతే అక్కడ ఆపేయొచ్చు, పైనుంచి కిందికి వస్తే ఆగినా ఇల్లు వాడుకోవచ్చు. కింద నుంచి మొదలుపెట్టినవాళ్లు కొత్త టైల్స్ మీద పెచ్చులు ఊడ్చుకుంటున్నారు.

కొత్త బాత్రూం మానుకోమని నేను చెప్పను. తిరుపతిలో ఇల్లుందంటే చుట్టాలందరికీ కొండ కింద కాటేజీ ఉన్నట్టే, దర్శనానికి పోయేవాళ్లు, వచ్చేవాళ్లు, పెళ్లికి ముందే మీకు అర్థమయ్యుంటుంది. దాన్ని పాత బాత్రూం గోడకు ఆనుకుని పెట్టండి, పైపులు, చాంబరు రెండింటికీ ఒకటే అవుతాయి, ఖర్చు బాగా తగ్గుతుంది. ఇల్లు బయటికి పెంచి కట్టేట్టయితే మాత్రం నగరపాలక సంస్థ అనుమతి సంగతి ముందు చూసుకోండి.

మాడ్యులర్ వంటగది మాత్రం ఇప్పుడు తీసేయండి. మీకు కోపం వస్తుందని తెలుసు. అరుగు బాగుంటే అలాగే ఉంచి, కింద తలుపులు పెట్టించుకోండి, గోడకు టైలు వేయించండి, పైపూ ప్లగ్గులూ మాత్రం రేపు మాడ్యులర్ పెట్టుకోవడానికి వీలుగా ఇప్పుడే వేయించి ఉంచండి. బీరువాల్లాంటివి పెళ్లయిన ఏడాదికైనా బిగించుకోవచ్చు, దానికి ఇల్లు పగలగొట్టక్కర్లేదు.

నగల మాట. పెళ్లికి ముందు నగలు బ్యాంకులో పెడితే, ఆ పెళ్లికే అవి కావాలి కదమ్మా. మీ ఆయనతో ఇది నా మాటగా చెప్పండి. నిజంగా డబ్బు తక్కువైతే ఇంటి రిపేర్ల కోసం బ్యాంకులు ఇచ్చే గృహరుణం చూడండి, ఇంజినీరు సంతకంతో ఎస్టిమేట్ అడుగుతారు, మీరు రాసిన పట్టిక అక్కడా పనికొస్తుంది. మీరు పాత పన్ను విధానంలో ఉంటే ఆ వడ్డీలో ఏడాదికి 30,000 దాకా మినహాయింపు కూడా ఉంది, కొత్త విధానంలో సొంతంగా ఉండే ఇంటికి లేదు. తీసుకున్నా దాన్ని ఆ ఇరవై శాతానికి తోడుగా ఉంచుకోండి, దాన్ని చూసి పని పెంచకండి.

పని పెరిగేది ఒకే ఒక్క మాట దగ్గర. ‘ఎటూ పగలగొట్టాం కదా.’ ఎటూ పగలగొట్టాం కదా, ఈ కిటికీ కూడా పెద్దది చేద్దాం. ఎటూ పెయింటర్లు వచ్చారు కదా, ప్రహరీకీ వేయించేద్దాం. ఎటూ సీలింగు ముట్టుకున్నాం కదా, పీవోపీ పెట్టించేద్దాం. ఈ మాట మేస్త్రి అనడు, మనమే అంటాం, లేదంటే చూడ్డానికి వచ్చిన బావమరిది అంటాడు. ఆ మాట ఇంట్లో ఎవరన్నా అంటే నోటుబుక్కు తీసి ఆ పని పేరు, దాని రేటు, ఎందులోంచి తీస్తారో రాసి సంతకం పెట్టమనండి. మా ఇంట్లో ఈ రూలు పెట్టాక సగం ఆలోచనలు అక్కడే ఆగిపోయాయి, అందులో ఎక్కువ నావే.

తేదీల సంగతి కూడా డబ్బు సంగతే, ఎందుకంటే ప్రతి వారం ఆలస్యానికీ అద్దె నడుస్తుంది. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో వీధులు ఎట్లా కాలవలయ్యాయో మీకు చెప్పక్కర్లేదు. కాబట్టి మిద్దె మీద పని సెప్టెంబరు లోపల అయిపోవాలి, అయ్యాక నీళ్లు కట్టి ఒకటి రెండు రోజులు ఉంచి కింద చెమ్మ వస్తోందేమో చూసుకోవాలి. కొత్త పూత ఆరడానికి నెల రోజులు వదలండి, తడి గోడ మీద పెయింటేస్తే మళ్లీ అదే ఉబ్బు. ఆడికృత్తికకు మన బేల్దారులు సగం మంది కావడి ఎత్తుకుని తిరుత్తణి పోతారు, బ్రహ్మోత్సవాలప్పుడు, దీపావళికి కూడా మనిషి దొరకడు, వాళ్లను తిట్టుకోకుండా ఆ రోజులు ముందే తీసేసి లెక్క వేసుకోండి. సంక్రాంతికి ఊరంతా రంగులేయించుకుంటారు, పెయింటర్‌ను డిసెంబరు మొదట్లోనే మాట్లాడి పెట్టండి. మేస్త్రి రెండు నెలలంటే మూడున్నర అనుకుని అద్దె ఇల్లు తీసుకోండి.

హాలు సీలింగు మీద సుద్ద గీత ఎంత వచ్చింది, బాత్రూం మూల తీస్తే కింద ఏముంది, సందులోకి ట్రాక్టరు వస్తుందా, ఈ మూడూ రాసి పంపండి. పట్టిక ఎట్లా ఉండాలో అప్పుడు మీ ఇంటి కొలతలతోనే రాసి చూపిస్తా. మేస్త్రికి ఈలోగా ఫోన్ చేసి, పని కావాలి గానీ పదిరోజులు ఆగమని చెప్పండి, తెలిసిన మనిషి అంటున్నారు కాబట్టి ఆగుతాడు.